చేపల కంటే ముందు ఫిల్టర్‌కి మేత

కొత్త ట్యాంకు కొన్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "నీళ్లు పోసి ఎన్ని రోజులు ఆగాలి?" ఊరికే ఆగితే ఎన్ని రోజులైనా లాభం లేదంటాను. నీళ్లు పోసి, ఫిల్టర్ ఆన్ చేసి నెల రోజులు వదిలేసినా చేపల విషయంలో ఆ ట్యాంకు ఇంకా కొత్తదే. సిద్ధం కావాల్సింది నీళ్లు కాదు, ఫిల్టర్. అందులో పెరగాల్సిన బ్యాక్టీరియాకు తిండి పెట్టకపోతే అది పెరగదు.

ఆ తిండి అమ్మోనియా. చేపలు మొప్పల ద్వారా దాన్ని వదులుతూనే ఉంటాయి. మిగిలిపోయిన మేత, చేపల మలం కుళ్లినా వచ్చేది అదే. చెరువులో అయితే పలచబడిపోతుంది, గాజు పెట్టెలో ఎక్కడికీ పోదు. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఇదీ విషమే. రక్తంలోకి చేరి హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మోయనివ్వదు, అందుకే నీళ్లలో గాలి బాగానే ఉన్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. ఇంకో రకం, ముఖ్యంగా నైట్రోస్పైరా, ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది కొద్ది మోతాదులో ఉంటే చేపలకు పెద్దగా ఇబ్బంది లేదు, నీళ్లు మారిస్తే తగ్గిపోతుంది. (రెండు పనులూ ఒక్కటే చేసేసే నైట్రోస్పైరా కూడా ఉందని 2015లో తేలింది. మనం చేయాల్సిన పనిలో మాత్రం దానివల్ల మార్పేమీ లేదు.) ఈ బ్యాక్టీరియా తగినంతగా పెరిగి స్థిరపడటాన్నే సైక్లింగ్ అంటారు. ఆ పనికి చేపల్ని బలిపెట్టక్కర్లేదు, అమ్మోనియాని మనమే వేయొచ్చు.

ఏర్పాట్లు తేలిక. ఫిల్టర్‌లో స్పాంజ్, సిరామిక్ రింగులు ఉండాలి, బ్యాక్టీరియా అతుక్కుని బతికేది వాటి మీదే. హీటర్ 27 డిగ్రీల దగ్గర పెట్టండి. కుళాయి నీళ్లయితే క్లోరిన్‌ని విరిచే మందు తప్పనిసరి. ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ, క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లయితే అలా పోదు. మొక్కలు లేకపోతే లైటు ఆపేయండి, లేదంటే నాచు పట్టేస్తుంది. ఫిల్టర్ మాత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి. చప్పుడుకి నిద్ర పట్టట్లేదని రాత్రి ఆపేసేవాళ్లున్నారు. ఈ బ్యాక్టీరియా పనిచేయడానికి ఆక్సిజన్ కావాలి, అది దానికి అందేది పారే నీళ్లతోనే.

ఇక అమ్మోనియా. చేపల మేత వేసి కుళ్లబెట్టే పద్ధతి ఒకటుంది. పని అవుతుంది, కాదనను. కానీ ఎంత అమ్మోనియా వస్తోందో తెలియదు, పైగా వాసన. నేను వాడేది అమ్మోనియం క్లోరైడ్ పొడి. లీటరు నీళ్లలో 6.3 గ్రాములు కరిగించి సీసాలో పెట్టుకుంటాను. ట్యాంకులోని ప్రతి లీటరుకూ ఆ ద్రావణం 1 మిల్లీలీటరు చొప్పున పోస్తే అమ్మోనియా సరిగ్గా 2 పీపీఎం (అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు) పెరుగుతుంది. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి. అలాగే ట్యాంకులో నిజంగా ఎన్ని నీళ్లున్నాయో కొలుచుకోండి. నా దగ్గరున్న ట్యాంకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. లెక్క వేస్తే 64 లీటర్లు దాటుతుంది. గ్రావెల్, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా పట్టేవి 52 లీటర్లే. నింపేటప్పుడే బకెట్లు లెక్కపెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

2 పీపీఎం చాలు. ఎక్కువ పోస్తే త్వరగా అయిపోతుందనుకోవద్దు, 5 దాటితే పని నెమ్మదించవచ్చు.

టెస్ట్ కిట్ లేకుండా ఇదంతా గుడ్డిగా చేసే పనే. చుక్కల మందు కిట్ కొనండి, కాగితపు పట్టీలు నాకు నచ్చవు. పరీక్షనాళికని తెల్ల కాగితానికి దగ్గరగా పట్టుకుని పగటి వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద చూస్తే పసుపుకీ లేతాకుపచ్చకీ తేడా తెలియదు, అమ్మోనియా పరీక్షలో అసలు సంగతంతా ఆ తేడాలోనే ఉంటుంది. నైట్రేట్ కిట్‌లో రెండో సీసా అడుగున పొడి పేరుకుంటుంది. దాన్ని గట్టిగా కుదపకుండా చుక్కలు వేస్తే నైట్రేట్ ఉన్నా లేనట్టే చూపిస్తుంది. నీళ్లలో నైట్రైట్ ఎక్కువున్నప్పుడు అదే కిట్ నైట్రేట్‌ని ఎక్కువ చేసి చూపిస్తుంది కాబట్టి, మధ్యలో వచ్చే నైట్రేట్ అంకెల్ని పట్టించుకోకండి.

మొదట్లో అమ్మోనియా అంకె కదలదు. నీళ్లు పాలలా తెల్లబడినా కంగారు పడొద్దు. అవి వేరే బ్యాక్టీరియా, వాటంతటవే సద్దుమణుగుతాయి. కొన్ని రోజులకు అమ్మోనియా తగ్గడం, నైట్రైట్ కనిపించడం మొదలవుతుంది. అమ్మోనియా సున్నాకి దగ్గరపడ్డాకే మళ్లీ పోయాలి, అది కూడా సగం మోతాదు, రెండు మూడు రోజులకోసారి.

జనానికి ఓపిక నశించేది నైట్రైట్ దగ్గరే. మా మేనల్లుడు ఫోన్ చేశాడు: "మామయ్యా, రోజూ అదే ఊదారంగు. ట్యాంకు పాడైపోయిందా?" పాడవలేదు. 1 పీపీఎం అమ్మోనియా మారితే 2.7 పీపీఎం నైట్రైట్ వస్తుంది. నాలుగైదు సార్లు అమ్మోనియా పోశాక అది కిట్ చూపించగలిగే హద్దు దాటిపోతుంది. 20 ఉన్నా, 10కి తగ్గినా రంగు ఒకటే. "ట్యాంకు నీళ్లు 1 మిల్లీలీటరు, డిస్టిల్డ్ వాటర్ 4 మిల్లీలీటర్లు కలిపి పరీక్ష చెయ్యి, వచ్చినదాన్ని ఐదుతో గుణించు," అన్నాను. అప్పుడు గానీ అంకె దిగుతోందని వాడికి తెలియలేదు.

మరీ ఎక్కువైతే సగం నీళ్లు మార్చేయండి. "మారిస్తే బ్యాక్టీరియా పోదా?" అంటారు. అది ఉండేది స్పాంజ్ మీద, రాళ్ల మీద. నీళ్లలో తేలుతూ ఉండేది బహు తక్కువ. అదే కారణంతో, పాత ట్యాంకు నుంచి బాటిల్లో నీళ్లు తెచ్చి పోసినా పెద్దగా ఒరిగేది ఉండదు.

ఎంతకీ ముందుకు కదలకపోతే పీహెచ్ చూడండి. అమ్మోనియా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది, అది నీళ్ల క్షారతను తినేస్తుంది. పీహెచ్ 6.5 కిందికి వస్తే పని మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. నీళ్లు మార్చడమే మంచి మందు. మీ నీళ్లలోనే క్షారత మరీ తక్కువైతే 100 లీటర్లకు 3 గ్రాముల వంట సోడా కలపండి, కేహెచ్ (క్షారతను కొలిచే అంకె) ఒక డిగ్రీ పెరుగుతుంది.

దగ్గరి దారి ఏదైనా ఉందంటే అది పాత స్పాంజే. ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఫిల్టర్ నుంచి ఒక ముక్క కోసి, అదే ట్యాంకు నీళ్లలో తడిగా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. నాలుగు నుంచి ఆరు వారాల పని చాలాసార్లు ఒకటి రెండు వారాల్లో తేలిపోతుంది. అయితే ఆ ట్యాంకులో రోగం ఉంటే అదీ వెంట వస్తుంది కాబట్టి, చేపలు చనిపోతున్న చోటు నుంచి తేవద్దు. సీసాల్లో అమ్మే బ్యాక్టీరియాలో పనిచేసేవీ ఉన్నాయి, ఎండలో మగ్గి చచ్చినవీ ఉన్నాయి. ఏది ఏదో లేబుల్ చెప్పదు, కిట్ చెబుతుంది.

చివరి పరీక్ష: 2 పీపీఎం అమ్మోనియా పోయండి. 24 గంటల తర్వాత అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా రావాలి. మర్నాడు మళ్లీ పోసి చూసినా అదే రావాలి. అప్పటికి నైట్రేట్ బాగా పేరుకుని ఉంటుంది, అందుకని 80 శాతం నీళ్లు తీసేసి, క్లోరిన్ విరిచిన, అదే వెచ్చదనమున్న కొత్త నీళ్లు పోయండి. నైట్రేట్ 20 లోపుకి దిగితే చేపలు తెచ్చుకోవచ్చు. వాటికి ఇంకా టైం పడుతుందంటే అమ్మోనియా కొద్దికొద్దిగా వేస్తూనే ఉండండి, తిండి మానేస్తే పెంచిన బ్యాక్టీరియా తగ్గిపోతుంది.

చేపల్ని ఒకేసారి గుంపుగా దింపకండి. కొన్నిటితో మొదలుపెట్టి, మేత తక్కువగా వేస్తూ, మొదటి వారం రోజూ పరీక్ష చేయండి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ 0.25 కనిపించినా ఆ రోజే మూడో వంతు నీళ్లు మార్చాలి. స్పాంజ్ మురికిగా కనబడిందని కుళాయి కింద పెట్టి కడగకండి. నీళ్లు మార్చే రోజున ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి.