ఇంట్లో పాత సినిమా రీలు దొరికితే ఏం చేయాలి?

భీమిలిలో మా పెదనాన్న వాళ్ళింటి అటక దులుపుతుంటే తుప్పు పట్టిన రేకు డబ్బా ఒకటి బయటపడింది. ఆయన ఒకప్పుడు టూరింగ్ టాకీసులో ఆపరేటరు. మూత తియ్యగానే వెనిగర్ వాసన గుప్పుమంది. రీలు అంచులు అలలు అలలుగా వంకర తిరిగాయి, చుట్టల మధ్య తెల్లటి పొడి. పారేద్దామని ఇంట్లో ఇద్దరు ముగ్గురన్నారు. నాకు మనసొప్పలేదు. మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) ప్రింటు ఇవాళ ఒక్కటీ మిగల్లేదు. పూతలోని వెండి కోసం కరిగించేసిన నలుపు తెలుపు రీళ్ళకైతే లెక్కే లేదు.

అలాంటి డబ్బా మీకూ దొరికితే మొదటి మాట: ప్రొజెక్టర్‌కి ఎక్కించొద్దు. కుంచించుకుపోయిన ఫిలిం పళ్ళచక్రం మీద సరిగ్గా కూర్చోదు, పక్క రంధ్రాలు చిరిగిపోతాయి. చేతులు శుభ్రంగా కడిగి తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని, మొదటి రెండు మూడు అడుగులే విప్పండి.

తర్వాత అది ఏ రకం ఫిలిమో తేల్చుకోవాలి. 1950ల తొలినాళ్ళకు ముందుదైతే నైట్రేట్ కావచ్చు. దానికి నిప్పంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. 2003లో పుణెలో నైట్రేట్ రీళ్ళున్న చోట మంటలు రేగి ఎన్నో పాత సినిమాలు బూడిదయ్యాయి. అనుమానముంటే వంటింటికి, ఎండకి దూరంగా పెట్టండి. బస్సులోనూ కొరియర్‌లోనూ పంపొద్దు, ముందు పాత సినిమాలు భద్రపరిచే ఆర్కైవ్‌కి ఫోన్ చేసి అడగండి. ముక్క కత్తిరించి కాల్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్. అందులోంచి వచ్చే ఆమ్లమే దాన్ని ఇంకా వేగంగా తినేస్తుంది, పక్క రీళ్ళకూ పాకుతుంది. కాబట్టి వాసనున్నవి విడిగా పెట్టాలి. చుట్టను పక్కనుంచి వెలుతురుకి పట్టి చూస్తే కాంతి లోపలికి దిగుతోందా? అయితే పాలిస్టర్, కాస్త నిశ్చింత.

విశాఖలో అసలు శత్రువు ఉప్పుగాలి. చెమ్మ రేకు డబ్బాను తినేస్తుంది, ఫిలిం మీద బూజు తెస్తుంది. తుప్పు డబ్బా మార్చి, గాలాడే ప్లాస్టిక్ డబ్బాలో రీలును పడుకోబెట్టండి. నిలబెడితే బరువుకి వంగిపోతుంది. అటక వద్దు, గచ్చు మీదా వద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలో లోపలి గోడ పక్క అలమర మేలు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. కలర్ ఫిలింకి 5 డిగ్రీల లోపు చలి మంచిదే. కానీ 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మనకు ఎన్ని రోజులు కరెంటు లేదో గుర్తుంది కదా! కరెంటు పోతే ఫ్రిజ్‌లో పట్టే తడి రీలుకి చేటు. ఇల్లు రీలుకి విడిది మాత్రమే.

డబ్బా మీది రాతలన్నీ ఫోటో తీయండి. తుడిచేయకండి. సెన్సార్ సర్టిఫికెట్ ఫ్రేము దొరికితే భాష, రీళ్ళ సంఖ్య, పొడవు అక్కడే తెలిసిపోతాయి. 35 ఎం.ఎం.లో 1000 అడుగులంటే సుమారు 11 నిమిషాల సినిమా.

ఆ వివరాలతో పుణెలోని జాతీయ ఫిలిం ఆర్కైవ్‌కి రాయండి. 1964 నుంచీ వాళ్ళ పని ఇదే. ముంబైలో ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ కూడా ఉంది. రీలు మీ దగ్గరున్నంత మాత్రాన హక్కులు మీవి కావు. మన చట్టంలో సినిమా కాపీరైట్ 60 ఏళ్ళు. రీలు అప్పగించేటప్పుడు ఏ షరతుల మీద ఇస్తున్నారో కాగితం మీద రాయించుకోండి.

రీలును స్కాన్ చేయించి కంప్యూటర్ ఫైలుగా మార్చుకున్నాక రీలు పారేసేవాళ్ళున్నారు. దయచేసి అలా చేయకండి. హార్డ్ డిస్కు చెప్పకుండా పోతుంది. చల్లగా, పొడిగా దాచిన ఫిలిం తరాలు నిలుస్తుంది. ఫైలు కాపీలు మూడు ఉంచండి, ఒకటి వేరే ఊళ్ళో. 1978లో వచ్చిన 'మరోచరిత్ర'లో కనిపించే మన తీరం ఇప్పుడు వెతికినా దొరకదు. అది ఆ ఫ్రేముల్లోనే ఉంది.

పాటల పుస్తకాలు, పోస్టర్లు, స్టిల్స్ ఉంటే లామినేషన్ చేయించొద్దు, సెలోటేపు అంటించొద్దు. పెదనాన్నలాంటి ఆపరేటర్లు ఇంకా ఉండగానే వాళ్ళ దగ్గర కూర్చుని, ప్రొజెక్టర్‌లో మండే కార్బన్ కడ్డీల వెలుగులో ఏ హాల్లో ఏ బొమ్మ ఎన్నాళ్ళు ఆడించారో చెప్పించి రికార్డు చేయండి. ఫోటోల్లో వాళ్ళు గుర్తుపట్టిన మనుషుల పేర్లు వెనకాల రాసి పెట్టండి, పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిలుతో.