వానలు దిగకముందే అద్దాన్ని విప్పి వెనకవైపు చూడండి

విశాఖలో జూన్‌లో నైరుతి వానలు మొదలవుతాయి. అవి తగ్గాయనుకునేసరికి అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. అన్ని నెలలూ గాలి తడిగానే ఉంటుంది. టెలిస్కోపులోనో ల్యాబ్ బల్ల మీదో గ్లాస్ సిరామిక్ (గాజులో సన్నని స్ఫటికాలు పుట్టించి చేసే పదార్థం) అద్దం ఉన్నవాళ్లు మే నెలలోనే ఒకసారి దాన్ని విప్పి చూసుకోవాలి. చాలామంది అద్దం మీది మెరిసే పూత గురించే కంగారుపడతారు. పూత పోతే మళ్లీ వేయించుకోవచ్చు, అద్దమే చీలితే అతుకు లేదు.

జర్మనీకి చెందిన షాట్ కంపెనీ 1968లో మొదలుపెట్టిన జెరోడూర్ అనే గ్లాస్ సిరామిక్‌నే తీసుకుందాం. తేనె రంగులో ఉంటుంది, వేడికి దాదాపు వ్యాకోచించదు. దాంతో ఇది మహా గట్టిదని అనుకుంటారు. వ్యాకోచం లేకపోవడం వేరు, బలం వేరు. నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. లోహంలా కాస్త సాగి సర్దుకునే గుణం దీనికి లేదు. ఎంత లాగుడుకు చీలుతుందన్నది ఉపరితలం మీదున్న అన్నిటికన్నా లోతైన పగులు మీద ఆధారపడుతుంది. పగులు పాకకుండా ఆపే గుణాన్ని పగులు నిరోధం అంటారు, దీనికది సుమారు 0.9 మెగాపాస్కల్ రూట్ మీటర్ (మెగాపాస్కల్ అంటే లాగుడును కొలిచే ప్రమాణం). ఆ లెక్కన 50 మెగాపాస్కల్ లాగుడున్న చోట చీలడానికి 0.08 మి.మీ. లోతైన పొడవాటి గీత ఒక్కటి చాలు. 10 మెగాపాస్కల్ దగ్గరైతే అక్కడికక్కడే చీలాలంటే గీత 2 మి.మీ. లోతుండాలి. ఎక్కువకాలం నిలిచే లాగుడును 10 మెగాపాస్కల్ లోపే ఉంచమన్న పాత నియమం అందుకే ఇప్పటికీ పనికొస్తుంది.

తేమ ఇక్కడే దెబ్బతీస్తుంది. పగులు మొనలోకి చేరిన నీరు సిలికాన్, ఆక్సిజన్ బంధాలను ఒక్కొక్కటిగా తెంచుతుంది. బిగించిన రోజు ఏమీ కాని అద్దం ఆరు నెలలకు, ఎవరూ ముట్టుకోకుండానే చీలేది ఇలాగే. లాగుడు పెరిగితే పగులు ఎంత వేగంగా పాకుతుందో చెప్పే ఘాతాంకం (పవర్) జెరోడూర్‌కు సుమారు 30. అంటే లాగుడు పది శాతం పెరిగితే ఆయుష్షు పదిహేడో వంతుకు పడిపోతుంది. సగానికి తగ్గిస్తే వంద కోట్ల రెట్లు పెరుగుతుంది. విశాఖ గాలిలో తేమను మనం ఆపలేం, లాగుడును మాత్రం తగ్గించగలం.

ముందు తనిఖీ. మెరిసే ముఖం కన్నా వెనకవైపు, అంచులు, రంధ్రాల చుట్టూ చూడండి. అవి ముతక పొడితో అరగదీసి వదిలేసిన చోట్లు, పగుళ్లు అక్కడే దాగుంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, గది చీకటి చేసి, టార్చిని ఉపరితలానికి దాదాపు ఆనించినట్టు పట్టి, పది రెట్లు పెద్దదిగా చూపే లూప్ (చిన్న భూతద్దం)తో అంగుళం అంగుళం చూడండి. చిన్న పెంకు ఊడి గుంట మాత్రమే మిగిలితే పెద్ద భయం లేదు. 400, తర్వాత 600 నంబరు తడి ఎమరీ కాగితంతో గుండ్రంగా సాఫు చేయండి. పొడిగా రుద్దకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు హాని. లోపల చేప పొలుసులా తళుక్కుమనే వంపు కనిపిస్తే అది పాకుతున్న పగులు, ఆ అద్దాన్ని ఇక బిగించవద్దు. పదునైన అంచులన్నిటికీ 45 డిగ్రీల వాలులో 1 నుంచి 2 మి.మీ. కోత ఉండాలి. యాసిడ్‌తో పగుళ్లు కరిగించే పద్ధతి బలాన్ని నిజంగానే పెంచుతుంది. కానీ అందులో వాడేది హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, చర్మం గుండా ఎముకదాకా పోతుంది. సరైన ఏర్పాట్లున్న ల్యాబ్‌కే వదిలేయండి.

బిగింపులో ఎక్కువ తప్పులు జిగురు దగ్గరే జరుగుతాయి. అద్దానికి అల్యూమినియం పలకను గట్టి ఎపాక్సీ జిగురుతో అంటించారనుకోండి. మధ్యాహ్నపు ఎండకూ ఏసీ గదికీ మధ్య 20 డిగ్రీల తేడా వస్తే, అద్దం కదలదు, అల్యూమినియం కదులుతుంది. పూర్తిగా పట్టేసిన చోట ఆ లాగుడు 41 మెగాపాస్కల్ దాకా పోవచ్చు. అదే ఇన్వార్ (వేడికి చాలా తక్కువ వ్యాకోచించే ఇనుము, నికెల్ మిశ్రమం) పలకైతే 2 చుట్టుపక్కల ఉంటుంది. ఇన్వార్ దొరక్కపోతే మెత్తటి సిలికోన్ జిగురును పలచటి పొరగా కాకుండా కాస్త మందంగా వాడండి. క్లిప్పులు అద్దాన్ని నొక్కకూడదు, పడిపోకుండా కాపలా కాస్తే చాలు. ప్రతి క్లిప్పు కిందా టెఫ్లాన్ ముక్క, దానికీ అద్దానికీ మధ్య ఒక కాగితం పట్టేంత సందు ఉంచండి. స్క్రూ మొన నేరుగా తగలనివ్వద్దు.

ఇక అద్దానికి చెమ్మ పట్టడం. బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉంటే 26 డిగ్రీల కన్నా చల్లనిదేదైనా చెమరుస్తుంది. 22 డిగ్రీల ఏసీ గదిలోంచి తెచ్చిన అద్దం నిమిషంలో తడుస్తుంది. 300 మి.మీ. వ్యాసం, 50 మి.మీ. మందం ఉన్న జెరోడూర్ అద్దం సుమారు 9 కిలోలు. విడిగా ఉన్నా గాలి వేడికి సర్దుకోవడానికి నాలుగైదు గంటలు పడుతుంది. పెట్టెలో ఇంకా ఎక్కువ. రాత్రంతా మూసే ఉంచి పొద్దున తెరవండి. అరకు ఘాట్ రోడ్డెక్కి తీసుకెళ్తున్నప్పుడూ ఇదే పద్ధతి. బిగించిన సెల్‌లో (అద్దాన్ని పట్టి ఉంచే చట్రంలో) కాకుండా విడిగా, మందపాటి ఫోమ్ మీద పడుకోబెట్టి తీసుకెళ్లండి.

తుపాను హెచ్చరిక వచ్చాక ఏసీని నమ్ముకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు ఉండగానే అద్దాన్ని గది వేడికి తెచ్చి, తడి లేదని చూసి, మందపాటి పాలిథిన్ సంచిలో కొత్తగా ఆరబెట్టిన, తేమ పీల్చే సిలికా జెల్‌తో పాటు సీల్ చేయండి. ఊలు గుడ్డ, ఫెల్టు వద్దు, తడి పీల్చి అద్దానికే అంటిస్తాయి. పెట్టెను కిటికీకి దూరంగా, నేలకు అడుగు ఎత్తున పెట్టండి.