రాక్ పాటలోని బ్రేక్‌తో హిప్‌హాప్ దరువు కట్టడం

పాటలో గొంతు, గిటారు ఆగి డ్రమ్ములు మాత్రమే మిగిలే కొద్ది క్షణాలను బ్రేక్ అంటారు. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఆ ముక్కలనే సాగదీసి జనం చేత ఆడించాడు. హిప్‌హాప్ ప్రొడ్యూసర్లు పాత రికార్డుల్లో నేటికీ వెతికేది వాటినే.

రాక్‌లో మొదట వినదగినది లెడ్ జెప్పెలిన్ వారి ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ (1971). ఇంగ్లండులోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో, మెట్లున్న హాలులో జాన్ బోనమ్ డ్రమ్ములు వాయించగా, ఇంజనీరు ఆండీ జాన్స్ పైనుంచి రెండు మైకులతో రికార్డు చేశాడు. వరదకు గట్టు తెగిన కథ అది. వర్షాకాలంలో ఏటిగట్టున కాపలా కాసిన లంకవాసులకు దాని బరువు చెప్పనక్కరలేదు. 1986లో బీస్టీ బాయ్స్ తమ తొలి ఆల్బమ్‌ను ఈ దరువుతోనే మొదలుపెట్టారు.

బ్రేక్‌ను కంప్యూటర్లో కోసుకోవడానికి ఎంపీత్రీ కన్నా, శబ్దాన్ని కుదించని వేవ్ ఫైలు మేలు. మొదటి కిక్‌కు (కాలితో వాయించే పెద్ద డ్రమ్ము దెబ్బకు) సరిగ్గా ముందు, తెరపై శబ్దపు తరంగరేఖ సున్నాను దాటే చోట కోయాలి; లేకుంటే లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే ఆ ముక్క) తిరిగిన ప్రతిసారీ ‘టిక్కు’మంటుంది. ముగింపు కోత, తర్వాతి ఆవృత్తంలోని (తాళపు చుట్టులోని) మొదటి కిక్ ముందు పడాలి. నాలుగు దెబ్బల ఆవృత్తం నిడివి సెకన్లలో తెలియడానికి 240ని నిమిషానికి పడే దెబ్బల సంఖ్యతో భాగించాలి: వేగం 72 అయితే 3.33 సెకన్లు. లెక్క కొద్దిగా తప్పితే బ్రేక్‌ను సరిచేయకండి. అది చేత్తో వాయించినది కనుక వేగం కాస్త అటూఇటూ ఊగుతుంది, అందం కూడా ఆ ఊపులోనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో పాట కడుతున్న ప్రాజెక్టు వేగాన్నే లూప్‌కు అనుగుణంగా మార్చుకోవాలి.

లూప్‌నే వేగంగా తిప్పి 72ను 90కి పెంచితే శ్రుతి దాదాపు నాలుగు స్వరస్థానాలు పైకి పోతుంది. శ్రుతి మారకుండా సాగదీసే సాధనాలు దెబ్బ మొనను మొద్దుబారుస్తాయి. అందుకే కిక్, స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్ము), హైహ్యాట్ (జంట తాళాలు) దెబ్బలను విడివిడిగా కోసి, యంత్రంపై వేళ్లతో కొట్టే ప్యాడ్లకు ఎక్కించి, చేత్తో మళ్లీ వాయించడం మంచి పద్ధతి. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అనే ఇలాంటి ప్యాడ్ల యంత్రంలో మొత్తం పది సెకన్ల శబ్దమే పట్టేది కాబట్టి, నిమిషానికి 33 చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి ఎక్కించుకొని, తర్వాత నెమ్మది చేసేవారు. ఆ గరుకుదనమే పేరు తెచ్చుకుంది. కిక్ పలచగా ఉంటే కింద మరొకటి కలపవచ్చు. కలిపాక ఇంకా పలచబడితే కొత్తదాని తరంగాన్ని తలకిందులు చేయాలి.

విడుదల చేయాలంటే రికార్డింగు హక్కుదారు, పాట హక్కుదారు, ఇద్దరి అనుమతీ కావాలి. మన చట్టంలో రికార్డింగు హక్కు 60 ఏళ్లు. ఆ ఖర్చు భరించలేని వారు సొంత బ్రేక్ చేసుకోవచ్చు. దాళ్వా ధాన్యం రాకముందు కోనసీమలో ఖాళీగా ఉన్న రైస్ మిల్లు గోదాము దొరికితే, మిల్లు ఆడని రాత్రి బ్యాండుమేళం డ్రమ్మర్‌ను పిలిపించి, పైకప్పు దూలానికి రెండు మైకులు వేలాడదీసి రికార్డు చేయండి. చివరి దెబ్బ తర్వాత ప్రతిధ్వని పూర్తిగా అణగేదాకా రికార్డింగును ఆపకండి. కోతల్లో తెగిన ప్రతిధ్వని తోకలను అతకడానికి అదే పనికొస్తుంది.