పొద్దున్నే వచ్చేసరికి తలుపు మీది క్రిస్మస్ చెట్టు కిందపడి ఉందా?

ఆకుపచ్చ కాగితంపై పిల్లలు తమ చేతుల ఆకారాలు గీసి, కత్తిరించి, చార్టు మీద అంటించిన చెట్టు. నిన్న సాయంత్రం తరగతి తలుపు మీద చక్కగానే నిలిచింది. పొద్దున తాళం తీసేసరికి నేల మీద బోర్లా పడి ఉంది. అప్పుడు చాలామంది చేసే పని, ఇంకో టేపు చుట్ట తెచ్చి చుట్టూ అంటించేయడం. మర్నాడు మళ్ళీ పడుతుంది. దయచేసి కొత్త టేపు తెచ్చే ముందు, ఊడిన టేపు జిగురు వైపు ఎలా ఉందో చూడండి. కారణం అక్కడే కనిపిస్తుంది.

టేపుకి బూడిద రంగు పొర ఉంటే

తలుపు తుడవలేదు. పిల్లల భుజాల ఎత్తులో చేతుల జిడ్డు, పై అంచున దుమ్ము ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించండి. తెలిసిన సంగతే, కానీ పిల్లలు చుట్టూ మూగి తొందరపెడుతుంటే మొదట వదిలేసేది దీన్నే.

టేపుకి కాగితం పీచు ఉంటే

టేపు బాగానే పట్టింది, కాగితం చిరిగింది. తలుపు తీసి, మూసి చూడండి. చార్టు తలుపు రెక్క దాటి గుమ్మం మీదికి వెళ్ళినా, గడియకి తగిలినా చిరగక తప్పదు. తలుపు పక్క అంచుకి రెండు వేళ్ళ ఇవతలే ఆపండి. కింది అంచు వేలాడనివ్వకండి, తలుపు వేసినప్పుడల్లా గాలికి లేస్తుంది.

టేపు శుభ్రంగా ఉండి, చార్టు అంచులు ముందుకి చుట్టుకుని ఉంటే

తప్పు టేపుది కాదు, గమ్‌ది. ఇది నన్ను బాగా ఏడిపించింది. ఒక ఏడాది ఒకటో తరగతి పిల్లల చెట్టుకి మూడు రోజులు మూడు రకాల టేపులు మార్చాను. మూడో రోజు పొద్దున ఒక అరచేతిని బొటనవేలితో నొక్కితే పక్క నుంచి తెల్లగా గమ్ కారింది. ఇంకా ఆరనే లేదు!

పిల్లలు గమ్ చుక్క వేయరు, మడుగు కట్టేదాకా సీసా పిండుతారు. తెల్ల గమ్‌లో నీళ్ళుంటాయి. కాగితం ఆ నీటిని పీల్చి సాగుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది. గమ్ ముందువైపే ఉంది కాబట్టి అంచులు అటే చుట్టుకుంటాయి. ఇదంతా రాత్రిపూట, మనం లేనప్పుడు జరుగుతుంది. టేపు కిందికి లాగే బరువుని బాగానే ఓర్చుకుంటుంది. కానీ అంచు పట్టుకుని ఒలిచినట్టు లాగితే నిలవలేదు. చుట్టుకునే చార్టు చేసేది సరిగ్గా అదే.

గమ్‌ని సీసాతో ఇవ్వకండి. మూతలో కొంచెం పోసి, దూది పుల్లతో రాయమనండి. గ్లూ స్టిక్ ఉంటే ఇంకా మంచిది. చెట్టుని నేల మీద పరిచే ఆరనివ్వండి. పైతడి పోయాక తెల్లకాగితం కప్పి, రాత్రంతా పుస్తకాల బరువు పెట్టండి. పొద్దున చార్టు వెనక మీ చేతి వెనకభాగం ఆనించండి. చల్లగా తగిలితే తడి ఉన్నట్టే, ఇంకో పూట ఆగాలి. ఇప్పటికే చుట్టుకుపోయి ఉంటే బోర్లా వేసి అలాగే బరువు పెట్టండి.

అంటించేటప్పుడు చార్టు పై అంచుని తలుపు మీదుగా వెనక్కి మడిచి, అక్కడ టేపు వేయండి. బరువంతా ఆ మడత మోస్తుంది. తలుపు బిగుతుగా పడుతుంటే మడత వద్దు. అంచులకే కాకుండా మధ్యలోనూ టేపు ఉండాలి.

మంచు కోసం పెట్టిన దూది ఊడుతుంటే, ముద్దగా కాకుండా పల్చగా విడదీసి అంటించండి. కొత్తగా వేసిన రంగు, చలికి చెమ్మగిల్లిన ఇనుప తలుపు లాంటివి అరుదు, వాటి గురించి టెన్షన్ వద్దు. రంగు ఊడుతుందని భయముంటే ముందు మాస్కింగ్ టేపు వేసి, దాని మీద రెండు వైపులా అంటుకునే టేపు వేయండి. అద్దాన్నీ గడియనీ మాత్రం ఎప్పుడూ కప్పకూడదు. లోపల ఎవరున్నారో కనబడాలి, తలుపు వెంటనే తెరుచుకోవాలి.

చెట్టుని మళ్ళీ ఎత్తే ముందు బల్లల కింద వెతకండి, ఊడిన చేతులు ఒకటో రెండో దొరుకుతాయి. అందుకే ప్రతి చేతి వెనక పెన్సిల్‌తో పేరు రాయించాలి. ఆ పిల్లవాడు వచ్చేదాకా ఆగి, వాడి చేతే అంటించండి. తన చేయి కనబడక చెట్టంతా తడుముతూ నిలబడిన పిల్లని నేను చూశాను.