కొత్త హైబ్రిడ్ కన్సోల్ విడుదలకు ముందే దాని హార్డ్‌వేర్‌ను అంచనా వేయడం ఎలా?

టీవీ మీద ఆడుతున్న ఆటను ఆపకుండానే చేతిలోకి తీసుకుని కొనసాగించగలిగిన గేమ్ కన్సోల్‌ను హైబ్రిడ్ కన్సోల్ అంటాము. నింటెండో స్విచ్ 2017 మార్చి 3న ఈ తరహాకు ప్రాచుర్యం తెచ్చింది, దాని తరువాతి తరమైన స్విచ్ 2 ను 2025 జూన్ 5న విడుదల చేశారు. ఈ రెండు తేదీల మధ్య కొత్త యంత్రం ఎలా ఉండబోతోందో చెప్పినవారికి లెక్కలేదు కానీ, వారిలో చాలామంది చేసినది ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్న బాపతు పనే. స్విచ్‌కు ఇంకా ‘ఎన్‌ఎక్స్’ అనే సంకేతనామమే ఉన్న రోజుల నుంచి నేను ఈ అంచనాలు వేస్తున్నాను, కొన్నిసార్లు ఘోరంగా తప్పాను కూడా. ఈ పనికి ఒక క్రమం ఉంది. దానిని తలకిందులు చేయడం వల్లనే, అంటే ముందు గ్రాఫిక్స్ శక్తిని ఊహించుకుని తరువాత దానిని బ్యాటరీలో ఇరికించాలని చూడడం వల్లనే, అంచనాలు చెడిపోతున్నాయి.

సిద్ధం చేసుకోవలసినవి

గీతల నోటుపుస్తకం, నీలి కలం, ఎర్ర కలం, మామూలు కాలిక్యులేటర్ చాలు. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ వాడవద్దు, ఎందుకంటే అందులో పాత అంకెను జాడ లేకుండా మార్చేయవచ్చు, మారుస్తారు కూడా. ప్రతి అంచనాకూ పక్కన తేదీ వేయాలి. అభిమానులు గీసిన ఊహాచిత్రాలను చూడనే కూడదు. ఒకసారి కంటికి నచ్చిన బొమ్మ ఆ తరువాత మన లెక్కను కూడా తన వైపుకు లాగేసుకుంటుంది.

మొదటి మెట్టు: సమాచారాన్ని చెరగడం

కంపెనీ స్వయంగా చెప్పిన మాటను మొదటి పేజీలో రాయండి. నింటెండో అధ్యక్షుడు షుంటారో ఫురుకావా 2024 మే 7న, 2025 మార్చితో ముగిసే ఆర్థిక సంవత్సరంలోగా స్విచ్ తరువాతి యంత్రం గురించి ప్రకటిస్తామన్నారు, 2025 జనవరి 16న ప్రకటించారు. ఇటువంటి మాటలు తక్కువగా వస్తాయి, వచ్చినవి నిలుస్తాయి. రెండవ పేజీలో విడిభాగాల జాడలు ఉండాలి. కస్టమ్స్ రవాణా రికార్డులు, రేడియో పరికరాల అనుమతి పత్రాలు, చిప్ కంపెనీలు బహిరంగంగా పెట్టే లినక్స్ (ఒక ఆపరేటింగ్ సిస్టమ్) కోడ్‌లో కనిపించే పేర్లు ఇక్కడికి వస్తాయి. పేరు చెప్పని వ్యక్తుల మాటలకు చివరి పేజీ చాలు.

ఒకే వార్తలో సైతం పొల్లు, గింజ కలిసి ఉంటాయి. 2021 మార్చిలో, నింటెండో కోసం 7 అంగుళాల ఓఎల్‌ఈడీ తెరలు తయారు కాబోతున్నాయని, కొత్త యంత్రం టీవీ మీద 4కే చిత్రం చూపుతుందని వార్తలు వచ్చాయి. జులై 6న స్విచ్ ఓఎల్‌ఈడీ మోడల్‌ను ప్రకటించినప్పుడు 7 అంగుళాల తెర అక్షరాలా నిజమైంది, 4కే మాత్రం లేదు. నేను ఆ రెండింటినీ ఒకే వాక్యంగా నీలి కలంతో రాసుకుని, తరువాత సగం వాక్యాన్ని ఎర్ర కలంతో కొట్టివేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క వరుస కేటాయిస్తున్నాను, మీరూ అలాగే చేయండి.

రెండవ మెట్టు: ఒళ్లు కొలవడం

ఇది తేలిక. తెర పెరుగుతుంది, మందం పెద్దగా మారదు అని రాసి ముందుకు సాగవచ్చు. స్విచ్ తెర 6.2 అంగుళాలు, స్విచ్ 2 తెర 7.9 అంగుళాలు, రెండింటి మందమూ 13.9 మిల్లీమీటర్లే. తెర పెరిగిన మేరకు లోపల చోటు దొరుకుతుంది కాబట్టి బ్యాటరీ కూడా కొంత పెరుగుతుంది. అది 4,310 ఎంఏహెచ్ నుంచి 5,220 కు చేరింది.

మూడవ మెట్టు: వాట్ల లెక్క

అంచనా అంతా ఇక్కడే నిలుస్తుంది లేదా కూలుతుంది కాబట్టి ఈ మెట్టు దగ్గర తొందరపడవద్దు. హైబ్రిడ్ కన్సోల్ టీవీ కింద ఉన్నప్పుడు గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటుంది, చేతిలో ఉన్నప్పుడు చిన్న బ్యాటరీ మీద బతుకుతుంది, అయితే రెండు చోట్లా ఉండేది ఒకే చిప్. అందువల్ల ఆ చిప్ ఎంత పెద్దదిగా, ఎంత వేగంగా ఉండవచ్చో నిర్ణయించేది డాక్ (యంత్రాన్ని టీవీకి కలిపే స్టాండు) కాదు, చేతి వాడకమే. పీఎస్4 (సోనీ ప్లేస్టేషన్ 4) తో సమానమా, కాదా అన్న ప్రశ్నతో మొదలుపెట్టేవారు ఈ ఒక్క విషయాన్నే మరచిపోతారు.

లెక్క ఇలా వేయాలి. బ్యాటరీలో నిలవ ఉండే శక్తిని వాట్-అవర్లలో తీసుకుని, కంపెనీ సహించగలదని మీరు అనుకునే అతి తక్కువ ఆట సమయంతో భాగించండి. మొదటి స్విచ్ బ్యాటరీ 16 వాట్-అవర్లు, భారీ ఆటలకు కంపెనీ చెప్పిన కనీస సమయం రెండున్నర గంటలు, కాబట్టి మొత్తం యంత్రానికి దొరికేది 6.4 వాట్లు. అందులోంచి తెర, మెమరీ, వైర్‌లెస్, ఫ్యాన్, స్పీకర్ల వాటా తీసేయాలి. ఆ వాటా మూడో వంతు, అంతకు తగ్గించకూడదు. మిగిలిన నాలుగు వాట్ల పైచిలుకుతోనే చిప్ నడవాలి. ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1 చిప్‌లోని 256 గ్రాఫిక్స్ కోర్లను, ఆ చిప్ మరో పరికరంలో దాదాపు 1,000 మెగాహెర్ట్జ్ వరకు వెళ్లగలిగినప్పటికీ, స్విచ్‌లో డాక్ మీద 768 కు, చేతిలో సాధారణంగా 307.2 మెగాహెర్ట్జ్‌కు ఎందుకు కట్టడి చేశారో ఈ ఒక్క భాగహారం చెబుతుంది.

ఇక్కడ మొదటి జాగ్రత్త ఏమిటంటే, చిప్ మీద రాసి ఉన్న గరిష్ఠ వేగాన్ని ఎన్నడూ యంత్రం వేగంగా తీసుకోకూడదు. స్విచ్ 2 విషయంలో 2024 లో బయటపడిన రవాణా రికార్డులలో 12 జీబీ ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ మెమరీ కనిపించింది, దాని గరిష్ఠ వేగం సెకనుకు 7,500 మెగాట్రాన్స్‌ఫర్లుగా ఉంది. ఆ అంకెను నేరుగా గుణించినవారికి సెకనుకు 120 జీబీ బ్యాండ్‌విడ్త్ (మెమరీకీ చిప్‌కూ మధ్య సాగే డేటా ప్రవాహం) వచ్చింది. యంత్రం బయటకు వచ్చాక తేలినది డాక్‌లో 102 జీబీ, చేతిలో 68 జీబీ. వచ్చిన విడిభాగం నిజమే, పరిమాణమూ నిజమే, కానీ దానిని నడిపిన తీరు వేరు. మెమరీ వేగాన్ని పెంచితే కరెంటు ఖర్చు పెరుగుతుంది కాబట్టి చేతి వాడకంలో దానినీ తగ్గిస్తారు. ఈ తగ్గింపును లెక్కలో పెట్టుకోని అంచనాను నేను చదవడం కూడా మానేశాను.

రెండవ జాగ్రత్త వోల్టేజికి సంబంధించినది, ఇది అసలైన ముడి. చిప్ తాగే కరెంటు క్లాక్ వేగానికి అనులోమంగానూ, వోల్టేజి వర్గానికి అనులోమంగానూ పెరుగుతుంది. వేగం తగ్గిస్తే వోల్టేజి కూడా తగ్గించవచ్చు కాబట్టి మొదట్లో ఆదా చాలా ఎక్కువగా ఉంటుంది. అయితే ఒక హద్దు దాటాక వోల్టేజి ఇక కిందికి దిగదు, అక్కడి నుంచి వేగాన్ని ఎంత తగ్గించినా ఆదా అంతంత మాత్రమే. అందుచేత తక్కువ కోర్లను వేగంగా నడపడం కన్నా ఎక్కువ కోర్లను నెమ్మదిగా నడపడం లాభం, కానీ ఆ హద్దు దాకా మాత్రమే.

నేను తప్పిన చోటు కూడా ఇదే. 2022 లో ఎన్‌విడియా సర్వర్ల నుంచి దొంగిలించిన సమాచారంలో టీ239 అనే చిప్ పేరు, దానికి 1,536 గ్రాఫిక్స్ కోర్లు ఉన్నాయన్న సంగతి బయటపడ్డాయి. అన్నేసి కోర్లను శాంసంగ్ 8 నానోమీటర్ల పద్ధతిలో (ఈ అంకె తగ్గేకొద్దీ చిప్ తయారీ పద్ధతి కొత్తది, కరెంటు ఖర్చు తక్కువ) తయారుచేస్తే చేతిలో పట్టుకునే యంత్రంలో వేగం ఆ హద్దు కిందికి పడిపోతుందని, కాబట్టి తయారీ తప్పక అంతకంటే కొత్త పద్ధతిలోనే జరుగుతుందని నేను కూడా నోటుపుస్తకంలో రెండు గీతలు గీసి మరీ రాశాను. చివరికి అది 8 నానోమీటర్ల తరగతి చిప్పే అని తేలింది. చేతిలో 561, డాక్‌లో 1,007 మెగాహెర్ట్జ్ వేగంతో అదే చిప్ నడుస్తోంది. నా గుణకారం తప్పలేదు, తప్పినది దాని అడుగున దాగిన ఊహ. కొత్త యంత్రం మూడు గంటలకు తక్కువ రాదని నేను మనసులోనే అనుకుని, ఆ మాటను కాగితం మీద రాయలేదు. నింటెండో ప్రకటించిన కనీస సమయం సుమారు రెండు గంటలు. దాదాపు 20 వాట్-అవర్ల బ్యాటరీని రెండు గంటలతో భాగిస్తే 10 వాట్లు వస్తాయి, మూడుతో భాగిస్తే ఆరున్నర వాట్లు మాత్రమే, ఆ తేడాలోనే 8 నానోమీటర్ల చిప్ ఇమిడిపోయింది. కాబట్టి మీరు ఊహించిన ఆట సమయాన్ని లెక్కకు పైన, పెద్ద అక్షరాలతో రాయండి. ఒకే సమయంతో కాక, రెండు గంటలకు ఒకసారి, మూడు గంటలకు ఒకసారి లెక్క వేసి, రెండు జవాబులనూ ఉంచండి.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి నేను వాడే పరీక్ష ఒకటి ఉంది, దీనిని మించినది నాకు ఇంతవరకు కనబడలేదు. చేతిలోని తెర పిక్సెళ్లకూ టీవీ పిక్సెళ్లకూ ఉన్న నిష్పత్తిని, రెండు చోట్ల గ్రాఫిక్స్ వేగాల నిష్పత్తితో పోల్చండి. స్విచ్‌లో 720పీ నుంచి 1080పీ కి పిక్సెళ్లు 2.25 రెట్లు, గ్రాఫిక్స్ వేగం 2.5 రెట్లు, కాబట్టి ఆ రెండూ దాదాపు కలిశాయి. స్విచ్ 2 లో 1080పీ నుంచి 4కే కి పిక్సెళ్లు 4 రెట్లు పెరుగుతుంటే వేగం 1.8 రెట్లే పెరుగుతోంది. ఈ వెలితి కనిపించినప్పుడు లెక్క తప్పిందని కొట్టివేయకుండా, దానిని పూడ్చే మార్గం ఏమై ఉంటుందని అడగాలి. చిన్న చిత్రాన్ని తెలివిగా పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్ అనే ఎన్‌విడియా పద్ధతి ఆ జవాబు. ప్రాసెసర్ వేగాన్ని మాత్రం ఈ నిష్పత్తిలోకి తేవద్దు. ఆటలోని శత్రువులు, భౌతిక నియమాలు తెర మారినంత మాత్రాన మారవు కాబట్టి అది రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా ఉండాలి. స్విచ్ 2 లో అది డాక్‌లో 998, చేతిలో 1,101 మెగాహెర్ట్జ్. టీవీ కింద ఉన్నప్పుడే ప్రాసెసర్ నెమ్మదిస్తుందని ముందుగా రాసినవారు నాకు ఎదురు కాలేదు.

టెరాఫ్లాప్స్‌ను, అంటే చిప్ సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో ఆ అంకెను, చివర్లో కట్టండి. కోర్ల సంఖ్యను రెండుతో, ఆపై వేగంతో గుణిస్తే చాలు. స్విచ్ 2 కు డాక్‌లో సుమారు 3, చేతిలో 1.7 వస్తాయి. పీఎస్4 కు 1.84 కాబట్టి డాక్‌లో ఇది దానికంటే మెరుగని తేల్చేయడం సులువే గానీ, రెండు గ్రాఫిక్స్ నిర్మాణాల టెరాఫ్లాప్స్ ఒకే తూకపు రాళ్లు కావు, పైగా పీఎస్4 మెమరీ బ్యాండ్‌విడ్త్ సెకనుకు 176 జీబీ. ఈ పోలికతో మొదలైన చర్చలు ఏళ్ల తరబడి సాగి ఎక్కడికీ చేరలేదు.

నాలుగవ మెట్టు: నిలవ, కార్డు

లోపలి నిలవను విడిభాగాల జాడలే చెప్పేస్తాయి. 256 జీబీ యూఎఫ్‌ఎస్ 3.1 (ఫోన్లలో వాడే రకం నిలవ చిప్) అని రవాణా రికార్డుల్లో ముందే కనిపించింది. కార్డు విషయానికి ఇతర కంపెనీల ప్రకటనలు చదవాలి. 2024 ఫిబ్రవరిలో శాంసంగ్ 256 జీబీ మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డును ప్రకటిస్తూ, ఒక కొనుగోలుదారుతో కలిసి తయారుచేశామని, వేగం సెకనుకు 800 ఎంబీ అని చెప్పింది, కొనుగోలుదారు పేరు చెప్పలేదు. అంత వేగం కావలసిన చిన్న పరికరాలు ఎన్ని ఉంటాయో ఆలోచిస్తే సరిపోయేది. స్విచ్ 2 లో ఆటలు దాచుకోవడానికి ఆ రకం కార్డులే పనిచేస్తాయి, పాత మైక్రోఎస్‌డీ కార్డులు పనికిరావు.

అయిదవ మెట్టు: కంట్రోలర్లు

ఇక్కడ పేటెంట్లు చూడాలని అందరూ అంటారు, నేను మాత్రం చివరగానే చూస్తాను. 2016 డిసెంబరులో ప్రచురితమైన పేటెంటు బొమ్మల్లో స్విచ్‌ను తలకు తగిలించే పెట్టెలో పెట్టడం కనిపించింది. అది 2019 ఏప్రిల్‌లో, అదీ అట్టపెట్టె రూపంలో, లాబో వీఆర్‌గా బయటికి వచ్చింది. పేటెంటు అంటే కంపెనీ ఒకప్పుడు ఆలోచించిన విషయం, రేపు అమ్మబోయే విషయం కావాలని లేదు. దానికన్నా ప్రకటన వీడియోను నెమ్మదిగా చూడడం మేలు. 2025 జనవరి వీడియోలో జాయ్-కాన్‌లు (యంత్రానికి రెండు పక్కలా తగిలించే కంట్రోలర్లు) నేల మీద అంచుపై జారుతూ పోయినప్పుడే, అవి కంప్యూటర్ మౌస్‌లా పనిచేస్తాయని తెలిసిపోయింది.

ఆరవ మెట్టు: ధర, కొనుగోలు

ధరను పాత ధర మీద కాక విడిభాగాల జాబితా మీద ఊహించండి. స్విచ్ 299.99 డాలర్లకు మొదలైతే స్విచ్ 2 449.99 డాలర్లకు మొదలైంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దొరికే స్విచ్‌లు చాలావరకు దిగుమతిదారుల ద్వారానో, విదేశాల నుంచి వచ్చే బంధువుల ద్వారానో చేరినవే కాబట్టి, ఏ దేశపు యంత్రమన్నది కూడా మీ అంచనాలో ఒక వరుస కావాలి. జపాన్‌లో 49,980 యెన్లకు అమ్మిన స్విచ్ 2 చవకగా కనిపిస్తుంది గానీ, అందులో యంత్రం మెనూలకు జపనీస్ తప్ప మరో భాష లేదు, జపాన్ ఖాతా తప్ప మరొకటి కలవదు. టోక్యో నుంచి వస్తున్న బావగారికి డబ్బు పంపేముందు ఈ సంగతి చూసుకోవాలి.

చివరి మెట్టు: దిద్దడం

విడుదల రోజున నోటుపుస్తకం తెరవవద్దు. నింటెండో తన వివరాల పట్టికలో ‘ఎన్‌విడియా తయారుచేసిన ప్రత్యేక ప్రాసెసర్’ అని మాత్రమే రాస్తుంది, క్లాక్ వేగాలు ఇవ్వదు. యంత్రాన్ని విప్పి చిప్‌ను ఫొటో తీసినవారి, కొలతలు తీసినవారి ఫలితాలు వచ్చేదాకా ఆగి, అప్పుడు ఎర్ర కలంతో ఒక్కొక్క వరుసనూ దిద్దండి. కొట్టివేసిన అంకె కింద ఏముందో చదవగలిగేలా ఒకే గీత గీయాలి, పక్కన సరైన అంకెను, మీ అసలు ఊహ ఎక్కడ జారిందో ఒక ముక్కలో రాయాలి. నా పుస్తకంలో 2022 నాటి ఆ రెండు గీతల మీద మూడవ గీత ఎర్రగా ఉంది, దాని పక్కన ‘గంటలు రాయలేదు’ అని ఉంది.