మీ స్వభావానికి నప్పే బరువుల వ్యాయామం: ఎలా ఎంచుకోవాలి?

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు చిన్న జిమ్‌ల్లో ఎక్కువగా కనిపించేది ఒకటే చార్టు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, శనివారం కాళ్లు, అదీ గుర్తుంటే. ఆ చార్టుతోనే ఒకడు ఏడాది తిరిగేసరికి కండ పెంచుతాడు, పక్కవాడు నెల తిరక్కుండానే మానేస్తాడు. మానేసినవాడికి బద్ధకమని తేల్చేస్తాం. చాలాసార్లు ఆ చార్టు అతని స్వభావానికి నప్పలేదు, అంతే.

మెదడు రసాయనాల పేరుతో ‘నువ్వు డోపమైన్ టైపు, నేను సెరటోనిన్ టైపు’ అనే మాటలు యూట్యూబ్‌లో మీరూ విని ఉంటారు. వాటికి ఒక మూలం ఉంది. 1987లో అమెరికా సైకియాట్రిస్టు రాబర్ట్ క్లోనింగర్ మనిషి స్వభావంలో మూడు పోకడలు చూశాడు: కొత్తదనం కోసం తహతహ, ఏమవుతుందోనన్న జంకు, నలుగురి ఆదరణ మీద మక్కువ. వీటిని వరసగా డోపమైన్, సెరటోనిన్, నార్ఎపినెఫ్రిన్‌లతో ముడిపెట్టాడు. తర్వాత కెనడా కోచ్ క్రిస్టియన్ తిబోడో ఇదే దారిలో వ్యాయామం చేసేవాళ్లను ఐదు రకాలుగా విడదీశాడు. ఇందులో స్వభావం సంగతి మనకు పనికొస్తుంది. రసాయనాల లెక్క మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, అది మెదడులోకి దాటదు. కాబట్టి రక్తపరీక్షతో మీ మెదడు సంగతి తెలియదు, పది ప్రశ్నల క్విజ్‌తో అసలే తెలియదు. ఆ పేరు చెప్పి ఎవరైనా సప్లిమెంట్ డబ్బా అంటగట్టబోతే, ఆ డబ్బులు గుడ్లకూ శనగలకూ దాచుకోండి.

1. రెండు వారాలు రాసుకోండి

చిన్న నోటుపుస్తకం చాలు. వెళ్లేముందు మనసెలా ఉంది, ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తారు, ఎక్కడ విసుగొచ్చింది, రాత్రి నిద్ర పట్టిందా అన్నవి రాయండి. ఇలా: ‘మంగళవారం. స్క్వాట్ 40 కిలోలు, 8 చొప్పున 3 సెట్లు. చివర్లో వెనకనుంచి ఎవరో “ఆఉ గోటే!” (ఒడియాలో ‘ఇంకొకటి!’) అని అరిచారు, తొమ్మిదోది కూడా లేచింది. పన్నెండైనా నిద్ర రాలేదు.’ ఇది రాసినవాడికి పక్కవాళ్ల కేక బలమిస్తోంది, కానీ ఆ ఊపు పడుకునే వేళకీ దిగడం లేదు. ఏ క్విజ్ కన్నా ఈ నాలుగు ముక్కలు నయం.

2. మారనివి ముందు ఖాయం చేసుకోండి

స్వభావం ఏదైనా గుంజీళ్ల లాంటిది ఒకటి, దండీల లాంటిది ఒకటి, లాగేది ఒకటి, నేలమీద నుంచి ఎత్తేది ఒకటి ఉండాల్సిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం రెండు రోజులు. ఒకే కండకి మళ్లీ పని చెప్పేముందు రెండు రోజుల విరామం ఇవ్వండి. కొత్తవాళ్లు ఇంకో రెండు చేయగలమనిపించినప్పుడే సెట్ ఆపేయాలి.

ఒక సెట్లో ఎన్నిసార్లు ఎత్తాలి, అంటే ఎన్ని రెప్స్ అన్నదాంట్లో మాత్రం చాలా వెసులుబాటు ఉంది. ఓపిక అయిపోయే దగ్గరదాకా వెళితే ఆరు రెప్స్‌తోనూ కండ పెరుగుతుంది, ఇరవై ఐదుతోనూ పెరుగుతుంది. స్వభావాన్ని బట్టి మార్చుకోవడం కుదిరేది అందుకే.

3. మీ పోకడని బట్టి మార్చండి

విసుగు త్వరగా వచ్చేవాళ్లు బరువు ఎక్కువ, రెప్స్ తక్కువ పెట్టుకోండి. ఐదేసి చొప్పున, ముప్పావుగంటలో ముగించేయండి. పైన చెప్పిన నాలుగు ముఖ్య వ్యాయామాలు ఆరు వారాలు మార్చకండి, చిన్నచిన్నవి మాత్రం రెండు వారాలకోసారి మార్చండి. బరంపురం కుర్రాడు కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చాడు. ఆ పోటీలో ఉండేవి రెండే రెండు లిఫ్టులు. రోజుకో కొత్త వ్యాయామం కావాలనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

జంకు, టెన్షన్ ఎక్కువ ఉన్నవాళ్ల గురించి జిమ్‌ల్లో ఎవరూ పట్టించుకోరు. ‘భయపడకు, ఎత్తెయ్’ అనడమే తెలుసు. ఆ మాటతో భయం పోదు, నడుము మాత్రం పట్టేస్తుంది. వీళ్లకి అదే వేళ, అదే వరస, అదే వార్మప్ ఉండాలి. రేపు ఏం చేయాలో ఈ రాత్రే తెలిసుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. 8 నుంచి 12 రెప్స్, ప్రతి సెట్లో రెండు మూడు మిగుల్చుకుని. బరువు పెంచేటప్పుడు రాడ్‌కి అటూ ఇటూ 1.25 కిలోల ప్లేట్లే వేయండి. ‘ఎంత ఎత్తగలవో చూద్దాం’ అనే పందేలకు దూరంగా ఉండండి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు.

నలుగురిలో ఉంటేనే హుషారొచ్చేవాళ్లకు ఒక జోడీ కావాలి. ఇక్కడో కిటుకుంది. బాగా అలవాటైన పని నలుగురు చూస్తుంటే మెరుగ్గా వస్తుంది, కొత్త పని తడబడుతుంది. 1965లో రాబర్ట్ జాయాన్స్ అనే సైకాలజిస్టు వివరించిన సంగతి ఇది. అందుకని కొత్త లిఫ్టు పొద్దున్నే ఖాళీ జిమ్‌లో నేర్చుకుని, వచ్చినదాన్ని సాయంత్రం జనంలో చేయండి.

4. కాఫీ సంగతి చూడండి

మెదడు రసాయనాల్లో మన చేతిలో నిజంగా ఉన్నది ఇదొకటి. అలసటని తెలిపే అడినోసిన్‌కి కెఫీన్ అడ్డుపడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో దాదాపు సగం రాత్రి పదకొండుకీ ఒంట్లోనే ఉంటుంది. జంకు ఉన్నవాళ్లు కెఫీన్ కలిపిన ప్రీ వర్కౌట్ పొడుల జోలికి పోకుండా చోడి అంబలి తాగి వెళ్లడం మేలు.

మానసిక సమస్యకి మందులు వాడుతుంటే, జిమ్ మొదలుపెట్టామని వాటిని సొంతంగా ఆపకండి. రెండు వారాలకు మించి దిగులు వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి.

5. ఆరు వారాలకి లెక్క చూడండి

ముందు హాజరు లెక్కపెట్టండి. సగానికి సగం రోజులు ఎగ్గొట్టి ఉంటే ప్రోగ్రామ్ మార్చండి. హాజరు బాగుండి ఎత్తే బరువు పెరగకపోతే ప్రోగ్రామ్ జోలికి పోకుండా తిండి, నిద్ర చూసుకోండి. ఎత్తే బరువు పెరిగి నిద్ర చెడితే వ్యాయామం పొద్దుటికి మార్చండి. మే నెలలో బరంపురం ఉక్కపోతకి ఎలాగూ అదే నయం.