గోళీ వేగం కొలిచే లైట్ గేట్

గోళీ కాంతికి అడ్డొచ్చిన క్షణాన్ని పసిగట్టేదే లైట్ గేట్. రెండు గేట్ల మధ్య పట్టిన సమయంతో వేగం లెక్కిస్తాం. బెంగళూరు ఎస్పీ రోడ్డు షాపుల్లో దీనికి కావలసినవన్నీ దొరుకుతాయి: ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), రెండు ఐఆర్ ఎల్‌ఈడీలు (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినిచ్చేవి), రెండు ఫోటోట్రాన్సిస్టర్లు (కాంతి పడితే కరెంటును పోనిచ్చేవి), 220 ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండేసి. రెడీమేడ్ అబ్‌స్టకిల్ మాడ్యూల్ (ఎదుట అడ్డును పసిగట్టే సెన్సర్) అంటగడతారు, వద్దనండి. అది వెనక్కి తిరిగొచ్చే కాంతిని చూస్తుంది కాబట్టి వస్తువు రంగును బట్టి ముందో వెనకో స్పందిస్తుంది.

గోళీ దొర్లే దారికి ఒక పక్క ఎల్‌ఈడీ, ఎదురుగా ఫోటోట్రాన్సిస్టర్ పెట్టండి. సరిగ్గా 10 సెం.మీ. అవతల రెండో జత. ఎల్‌ఈడీకి 220 ఓమ్ సిరీస్‌లో. ఫోటోట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలు గ్రౌండ్‌కి, కలెక్టర్ కాలు 10 కిలో ఓమ్ గుండా 5 వోల్టులకు. కలెక్టర్లను 2, 3 పిన్నులకు కలపండి. ఊనోలో ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్‌లున్నవి అవే; అంటే పిన్ను మారగానే బోర్డు చేస్తున్న పని ఆపి మీరిచ్చిన ఫంక్షన్‌ను నడుపుతుంది. కాంతి ఆగితే పిన్ను హై అవుతుంది కనుక ఇంటరప్ట్ రైజింగ్‌లో (వోల్టేజీ పెరిగినప్పుడు పనిచేసేలా) ఉండాలి.

ఇంటరప్ట్ ఫంక్షన్‌లో మైక్రోస్ విలువ (బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మైక్రోసెకన్లు) దాచుకోవడం తప్ప ఇంకేమీ చేయకండి. ప్రింట్ చేయడం లూప్‌లోనే (పదేపదే నడిచే ప్రధాన భాగంలో). ఆ వేరియబుల్స్‌కు వోలటైల్ (విలువ మధ్యలో మారొచ్చని కంపైలర్‌కు చెప్పే మాట) తప్పనిసరి. రెండు గేట్ల సమయాల తేడా 20,000 మైక్రోసెకన్లు వస్తే 0.1 ÷ 0.02, అంటే సెకనుకు 5 మీటర్లు.

ఊనో గడియారం 4 మైక్రోసెకన్ల మెట్లలో నడుస్తుంది, ఇక్కడ దానితో ఇబ్బంది లేదు. అసలు తప్పు స్కేలు దగ్గరే: దూరంలో 1 మి.మీ. తేడా వస్తే వేగంలో 1 శాతం పోయినట్టే. రెండు గేట్లూ గోళీ మధ్యభాగం ఎత్తులోనే ఉండాలి. ఒకటి పైకుంటే గోళీ సన్నటి భాగం తగిలి ఆలస్యంగా ట్రిగ్గర్ అవుతుంది.

కిటికీ ఎండ పడితే ఫోటోట్రాన్సిస్టర్‌కు గోళీ అడ్డొచ్చినా తెలియదు. దానికి నల్ల హీట్‌ష్రింక్ గొట్టం తొడగండి. ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో ఫోన్ కెమెరాలో చూడొచ్చు. వెనక కెమెరాలో కనపడకపోతే సెల్ఫీ కెమెరాతో ప్రయత్నించండి.